తెలిసినవాడికి చెప్పడానికి వణుకెందుకు?

కలెక్టరు ఆఫీసు ముందు మైకు పట్టుకుని గంటసేపు దంచేసే మనవాళ్ళు, రోజూ పక్కన కూర్చుని టీ తాగే మనిషితో "ఆదివారం మేం ప్రార్థనకెళ్తామండీ, మీరూ ఓసారి రండి" అనలేకపోతున్నారు. తాడేపల్లిగూడెంలో రైలెక్కింది మొదలు ఏలూరులో దిగేదాకా సినిమాలు, ధాన్యం రేటు, రాజకీయాలు అన్నీ దొర్లుతాయి. ఆ సంగతి దగ్గరకొచ్చేసరికి నోరు పెగలదు. కొల్లేటి లంకల్లో చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలాకు ఇద్దరుంటారు. ఒకడు చీకట్లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. రెండోవాడు "ఏరా, నిద్రొస్తోందా?" అంటే "ఆఁ" అని ఊరుకుంటాడు.

ఇది విశ్వాసం చాలక అని పాస్టరుగార్లు ఆదివారం ప్రసంగంలో దులిపేస్తారు. మేం ఒప్పుకోం. ఈ వణుకు చాలావరకు కాగితంలో పుట్టింది.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా చదవండి. హిందువు తప్ప ఇంకో మతస్థుడు షెడ్యూల్డు కులస్థుడు కాడంది. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుడూ ముస్లిం దళితుడూ గుమ్మం బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సీ అని రాసి ఒక్క శాతం చేతిలో పెట్టారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటే చెల్లదంది. 2025 ఏప్రిల్లో మన హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేస్తూ, క్రైస్తవంలోకి వెళ్ళినవాడికి ఆ చట్టం వర్తించదంది. ఇంక తెలిసినవాడి ముందు నోరు విప్పేదెవరు? ఇవాళ స్నేహంగా విన్నవాడు రేపు గట్టు తగాదాలో తహసీల్దారుకు అర్జీ పెడితే కొడుకు సీటు పోతుంది. కుళాయి దగ్గర మాలోడు మాలోడే, మాదిగోడు మాదిగోడే. దెబ్బలు తిని స్టేషన్‌కెళ్ళినప్పుడు మాత్రం కిరస్తానీ. ఎంత బాగుందో చూడండి లెక్క!

చట్టం మారేదాకా గుట్టుగా ఉండమని ఉద్యమంలోనే కొందరు పెద్దలు చెప్తున్నారు. పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్ళ మాట అది, తేలిగ్గా తీసెయ్యం. కానీ ఈ మాట మన పేటలకు ఎలా వచ్చిందో కూడా చూడాలి. దొరలు తెచ్చారంటారు, అది సగమే. చర్చి మిషనరీ సొసైటీవాళ్ళు 1841లో బందరులో దిగారు. నోబుల్ దొర బడి పెట్టింది పెద్దకులాల పిల్లలకు. మన పేటల్లోకి మాట వచ్చింది మనవాళ్ళ నోటనే. రాఘవాపురం పగోలు వెంకయ్య మాల. 1859లో తనే బెజవాడలో దొరను వెతుక్కుంటూ వెళ్ళాడు, తెలుసుకున్నాడు, తనవాళ్ళకు చెప్పాడు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ బేరగాడు. బేరానికి తిరుగుతూ విన్నది ఒంగోలు వైపు తన చుట్టాలకు మోసుకెళ్ళాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత అక్కడి మాదిగలు ఆదివారం వెట్టికి రామన్నారు, జాతరకు డప్పు కొట్టమన్నారు. కరణాలూ మునసబులూ కొట్టించారు, నీళ్ళు ముట్టనివ్వలేదు. వాళ్ళు వణక్కుండా చెప్పారని ఎవరంటారు? వణుకుతూనే చుట్టానికి చుట్టం, బేరగాడికి బేరగాడు చెప్పుకున్నారు.

చట్టం సంగతి ఒక ముక్క. రాజ్యాంగం 25వ అధికరణం మన మతం మనం ఆచరించడానికే కాదు, ప్రచారం చేసుకోడానికీ హక్కిచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, చెప్పే హక్కుందిగానీ అవతలివాణ్ణి మార్చే హక్కు లేదంది. మాకు అది చాలు. చెప్పడం మన పని, వినడం వినకపోవడం వాడిష్టం. సంచిలో బియ్యం పెట్టి చెప్పేదీ, ఎదుటివాడి దేవుణ్ణి తిట్టి చెప్పేదీ మాకు సరిపడవు. మన దేవతల్ని తిడితే మనకెలా ఉండేదో మన అమ్మమ్మల్ని అడగండి.

అసలు వణుకు ఇంకొకటుంది, అది మనవాళ్ళు పైకి చెప్పరు. తెలిసినవాడు శ్రద్ధగా విని, "బాగుందండీ, మరి మీ గుళ్ళో కులం లేదా?" అంటే? ఆ ప్రశ్నకే గొంతు ఎండిపోతుంది. మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి ఉన్న ఊళ్ళు మనకు కొత్తా? సంబంధం మాట్లాడేటప్పుడు బైబిలు మూసి కులం తెరిచే సంఘపెద్దలు లేరా? పైకులాల నుంచి వచ్చిన విశ్వాసి పేటలో భోజనానికి కూర్చోవాలంటే ఎన్ని సాకులు! సమాధుల దొడ్లో గోడ ఎందుకు కట్టారు, చచ్చినవాడు లేచి అంటుకుంటాడనా?

అలా అడిగినవాడికి అబద్ధం చెప్పొద్దు. "ఉందండీ. మేం దానితో లోపలా కొట్లాడుతున్నాం, బయటా కొట్లాడుతున్నాం" అనండి. అలా అన్నవాడి మాట నమ్మబుద్ధేస్తుంది. మనకు ఆ పుస్తకంలో ఏం దొరికిందో కూడా అప్పుడే చెప్పగలం. అక్షరాలు దొరికాయి. చచ్చిన గొడ్డు మాంసం మానాం. మనమ్మలు అందరిలో నిలబడి బిగ్గరగా పాడడం నేర్చారు. ఇవి వాదనలు కావు, మన ఇళ్ళల్లో జరిగినవి. జరిగింది చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, గొంతు కొంచెం వణికినా తప్పులేదు.

2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలుగా గుర్తించాలని తీర్మానం చేసింది. 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మాట చెప్పింది. కాగితం మీద కాగితం పేరుస్తున్నారుగానీ 1950 కాగితం కదల్లేదు. సంఘాలు ఈ అర్జీ మీద సంతకాలు సేకరించాలి. సంతకం పెట్టించడానికి రైలు స్నేహితుడి దగ్గరకూ వెళ్ళాలి, చెరువు గట్టు మీద రెండోవాడి దగ్గరకూ వెళ్ళాలి. వెళ్తే "మీకెందుకండీ ఇది?" అని వాడు అడక్క మానడు.

జూన్‌లో బడిలో చేర్చుకునేటప్పుడు మేం మతం గడి దగ్గర ఆగి, "ఏం రాయమంటావమ్మా?" అంటాం. ఆవిడ మొగుడి వంక చూస్తుంది, ఆయన గుమ్మం వంక చూస్తాడు. సంచిలోంచి బైబిలు అంచు కనబడుతూనే ఉంటుంది.