శస్త్రమునకు ముందు వెన్నెముక ప్రతిమ

కొంతకాలము క్రిందట ఒక వైద్యశాల వసారాలో, గూనితో బాధపడు బాలిక తల్లిప్రక్కన నేను కూర్చుండుట తటస్థించినది. వైద్యుడు ఛాయాపటమును వెలుతురున కెత్తి, వంకర యెచ్చటనున్నదో ఓపికతోనే చెప్పెను. ఆమె తల యూపినది. అంగీకారపత్రముపై వ్రేలిముద్ర వేసినది. వైద్యుడు వెడలిన పిమ్మట నావంక తిరిగి, "ఏడ కోస్తరు సారూ?" అని యడిగినది. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

వెన్నెముక ఒంటి యెముక కాదని మన విద్యార్థు లెరుగుదురు. మెడలో 7, వీపున 12, నడుమున 5, ఈ 24 పూసలును విడివిడిగా కదలునవి. వాని నడిమి సొరంగమున వెన్నుపాము పోవుచున్నది. వంకరను సరిచేయు వైద్యుడు పూస వెనుకనుండు సన్నని యెముక కాడలగుండ మరమేకులు బిగించి, వానిని లోహపు కడ్డీలతో కలుపును. ఆ కాడ కొన్నిచోట్ల 4, 5 మిల్లీమీటర్ల వెడల్పునకు మించదు. మేకు దారి తప్పినచో వెన్నుపామునకే గాయము తగులవచ్చును. పూసలన్నియు సక్రమముగా నుండిన అభ్యాసమే చాలునేమో. గూని వెన్నులో ఏ రెండు పూసలును ఒక్క తీరున నుండవు.

ఇందులకే త్రీడీ ముద్రణ యక్కరకు వచ్చుచున్నది. సీ.టీ. స్కాను యంత్రము దేహమును రొట్టె ముక్కలవలె పలుచని పొరలుగా చిత్రించును. కంప్యూటరు ఆ చిత్రములలోని యెముకను మాత్రము వేరుపరచి, వరుసగా పేర్చి, ముద్రణ యంత్రమునకు పంపును. అది ప్లాస్టికును పొరపై పొరగా వేసి, కొన్ని గంటలలో ఆ రోగి వెన్నెముక యాకారమునే బల్లపై నుంచును. వైద్యుడు దానిని త్రిప్పి చూడవచ్చును, మేకు పొడవు నిర్ణయింపవచ్చును, కడ్డీని ముందే వంచుకొనవచ్చును. పోత పోయు కంసాలి మైనపు నమూనా చేసికొననిదే బంగారమును కరగించునా? నగకున్న జాగ్రత్త బిడ్డ వెన్నునకు వలదా?

ఇది సర్వరోగములకు మందని నేను చెప్పుట లేదు. ప్రతిమనుండి రక్తము స్రవింపదు. నరములు అందు కానరావు. స్కాను తీసిన తరువాత వంకర పెరిగినచో ప్రతిమ అబద్ధమాడును. సామాన్య శస్త్రమునకు ఇది దండుగ యనియే నా యభిప్రాయము. పుట్టుగూని, క్షయచే కూలిన పూసలు, ఒకమారు కోసి మరల కోయవలసిన వెన్ను, వీనికే ఇది కావలెను. 2017లో గురుగ్రామములోని మేదాంత వైద్యశాలలో, క్షయవలన మెడపూసలు చెడిన యొక స్త్రీకి టైటానియముతో ముద్రించిన పూసనే అమర్చిరి. ప్రతిమ చేయుట అంతకన్న నెంతో సులువైన పని.

మన పట్టణము ఇట్టి విషయములలో వెనుకంజ వేసినది కాదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసాహాయ్యమున, డాక్టరు ఎడ్వర్డు లారీ పూనికపై, క్లోరోఫారము కమీషనులు ఇచ్చటనే పరీక్షలు జరిపినవి. వారి నిర్ణయము పిమ్మట నిలువలేదు, అది వేరు మాట; రోగికిచ్చు మందును ముందు పరీక్షించి చూడవలెననెడి పట్టుదల మెచ్చదగినదే. ఉస్మానియా ఆసుపత్రి నూతన భవనములకు 2025 జనవరి 31వ తేదీన గోషామహలులో శంకుస్థాపన జరిగినది. పాతబస్తీనుండి నయాపూలు దాటి వచ్చు బీదలకు ఆ యాసుపత్రియే దిక్కు. అందొక గదిని ఈ యంత్రమునకును, దానిని నడుపనేర్చిన మనుష్యునకును ఇయ్యవలెనని నా మనవి. 2023లో రాయదుర్గమున టీ-వర్క్సు వంటి నమూనాల శాల తెరచిన నగరమున నేర్పరులు దొరకరనుట నేను నమ్మను.

ఇంకొక మాట. వైద్యునికొరకు చేసిన ఆ ప్రతిమను వ్రేలిముద్రకు ముందు తల్లిచేతి కీయవలెను. అందులకు వేరు వ్యయము లేదు. అక్షరములు రానివారికిని వంకర చేతికి తగులును. మేకు దిగు చోటు వ్రేలితో చూపవచ్చును. ఆమెయు తనకు తోచిన దడుగవచ్చును. ఆ దినమున ఆమె యడిగిన ప్రశ్నకు నేను నా వీపునే తడిమి చూపితిని. అంతకన్న నాచేత కాలేదు.