కథ రాసుకోవడానికి అరగంట

మా సంఘం ఆఫీసులో ఒక బీరువా నిండా కేసుల ఫైళ్లున్నాయి. కట్నం, తాగుడు, రెండో పెళ్లి, మొగుడు పోయాక భూమిలో రాని భాగం. ఒక్కొక్క ఫైలూ ఒక్కొక్క ఆడమనిషి జీవితం. వాటిని రాసింది మనమే. అయినా, “ఇంత చూశావు కదా, కథలు ఎందుకు రాయవు?” అని ఏ కార్యకర్తనడిగినా, “టైమెక్కడిదక్కా?” అనే అంటుంది. కసువు ఊడ్చి, బోకులు తోమి, పిల్లల్ని బడికి పంపి, బస్సు పట్టుకుని పల్లెకు పోయి, మీటింగు ముగించుకుని వచ్చి సంగటి కెలికే మనిషికి టైమెక్కడిది? నిజమే. కానీ ఆ నిజం దగ్గరే ఆగిపోతే మన బతుకుల్ని ఎప్పటికీ ఇంకొకరే రాస్తారు.

చిత్తూరు సీమ కథలకు పేరుపడ్డ నేల. మధురాంతకం రాజారాం ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే వందల కథలు రాశారు. 1993లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మన పల్లె మాటను ఏ మాత్రం ఇస్త్రీ చేయకుండా అచ్చులోకి తెచ్చారు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు ‘మా అమ్మ చెప్పిన కతలు’. ఆ పేరులో కొడుకు నిజాయితీ ఉంది. మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా ఉంది. చెనిక్కాయలు ఒలుస్తూ, పిల్లల్ని పండబెడుతూ కత చెప్పని అమ్మ ఈ జిల్లాలో లేదు. చెప్పే నోరు ఆడవాళ్లదైతే, రాసే చెయ్యి ఎందుకు మగవాళ్లదే ఎక్కువయింది? అది ప్రతిభకు సంబంధించిన సంగతి కాదు. చదువు, తీరిక ఎవరికి దక్కాయన్న సంగతి.

తరిగొండ వెంగమాంబను తలుచుకోండి. చిన్నతనంలోనే వితంతువైన ఆమె తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదని, తిరుమలలో వేధింపులు పడలేక తుంబురు కోనకు వెళ్లిందని ప్రతీతి. 1817లో చనిపోయేనాటికి ఆమె ‘వెంకటాచల మాహాత్మ్యం’తో సహా ఎన్నో రచనలు చేసింది. రాయాలంటే స్త్రీకి సొంత డబ్బు, సొంత గది కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో రాసింది. మన వెంగమాంబకు దొరికింది ఒక కొండ కోన. కానీ దానికోసం ఇల్లు, ఊరు వదులుకోవలసి వచ్చింది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఇల్లా, రాతా అని మనల్ని తేల్చుకోమంటే ఎలా?

నా సంగతి చెబుతాను. మూడేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాశాను. దాన్ని క్రమశిక్షణ అనుకుని గర్వపడ్డాను. ఒకరోజు మీటింగులో కూర్చునే నిద్రపోయాక తెలిసింది. నేను చేసింది ఇంట్లో ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా నా నిద్రలోంచి కోసుకోవడమేనని. ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర నాది. ఆ పూట సంగటి మా ఆయన కెలుకుతాడు. ఉండలు కడుతుంది. తింటాం.

టైము దొరికినంత మాత్రాన కథ రాదు. నా మొదటి కథ ఒక కేసు ఫైలే. ఊరిపేరు, మనిషిపేరు మార్చాను, అంతే. చదివినవాళ్లు ఆమెను గుర్తుపట్టారు. ఆమె మా ఇంటికొచ్చి, “అక్కా, నీకు చెప్పుకుంటే ఊరికి చెప్పుకున్నట్టేనా?” అనింది. నా దగ్గర జవాబు లేకపోయింది. మన దగ్గర నమ్మి దించుకున్న బరువు మన సొత్తు కాదు. పేరు మారిస్తే కథ కాదని ఆ రోజు తెలిసింది. పదిమంది దగ్గర విన్నది మనలో ఊరి, ఎవరిదీ కాని, అందరిదీ అయిన ఒక మనిషిగా పుట్టాలి. దానికి రోజులు పడతాయి. అందుకే రోజూ రాయాలి.

రిపోర్టు ఏం జరిగిందో చెబుతుంది. కథ ఆ మనిషి మాట్లాడబోయి ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ఫైల్లో “భర్త కొట్టాడు” అని రాస్తాం. దెబ్బలు తిన్న మర్నాడు కూడా ఆమె అతనికి క్యారియరు ఎందుకు కట్టిందో రాయడానికి ఫైల్లో గడి లేదు. ఆ గడి కథలో ఉంది. అక్కడ నీతి చెప్పబోతే కథ ఉపన్యాసమవుతుంది. మనకు ఉపన్యాసాలు అలవాటు కాబట్టి ఈ జాగ్రత్త మనకే ఎక్కువ కావాలి. రాసింది పైకి చదివి చూసుకోవాలి. మన సీమ మాటను పత్రిక మాటగా దిద్దే తొందర మానుకోవాలి.

ఇన్ని సమస్యల మధ్య కథలేమిటి అనేవాళ్లున్నారు. 1992లో పొరుగు నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్లు తిరగబడడానికి అక్షరాస్యతా వాచకంలోని ‘సీతమ్మ కథ’ ఒక నిప్పురవ్వ అయింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ కథ ఒక్కటే ఉద్యమాన్ని తెచ్చిందని అనను. కానీ తమ బతుకు అక్షరాల్లో కనబడ్డప్పుడు అది తలరాత కాదని వాళ్లకు తోచింది.

కనీస కూలి, భూమి పట్టా, హింస లేని ఇల్లు అడుగుతున్నాం. ఆ జాబితాలో రోజుకు అరగంట కూడా చేర్చుదాం. ముందు మన ఇళ్లలో అడుగుదాం, తర్వాత మన సంఘాల్లో. బీరువాకు తాళం వేసి, తెల్లకాగితం ముందు కూర్చుందాం.