బడి బీరువాలో ఒక ఇన్‌హేలర్

మన బడుల్లో టీచర్లు మందులివ్వడం కొత్త కాదు. నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర ఎదురుగా నిలబెట్టి నమిలించేది వాళ్లే. వారం వారం ఐరన్ మాత్ర మింగించేదీ వాళ్లే. కానీ ఆటల పీరియడ్‌లో ఓ పిల్లకి ఆయాసం ముంచుకొచ్చి, పిల్లికూతలతో డొక్కలెగరేస్తుంటే మాత్రం అదే టీచరు గోరువెచ్చని నీళ్లిచ్చి ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ వేళకు నాన్న పొలంలోనో డ్యూటీలోనో ఉంటాడు.

అప్పుడు కావలసింది సాల్బుటమాల్, అంటే నీలం రంగు ఇన్‌హేలర్. బిగుసుకున్న ఊపిరి గొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది. ఒక్కో డబ్బాలో మామూలుగా 200 పఫ్‌లుంటాయి. చాక్‌పీసుల ఖర్చు ముందు దాని ధర ఓ లెక్కా కాదు. అడ్డం డబ్బు కాదు, భయం. ‘ఏదైనా అయితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది?’ అని అడిగే టీచరును నేను తప్పుపట్టను. డాక్టరు చీటీ మీద అమ్మే మందును ఏ కాగితం అండా లేకుండా ఆయనెందుకు ముట్టుకోవాలి?

బ్రిటన్ ఈ చిక్కును కాగితం మీదే తీర్చింది. 2014 అక్టోబరు 1 నుంచి బడులు చీటీ లేకుండానే సాల్బుటమాల్ కొని అత్యవసరానికి ఉంచుకోవచ్చు. బలవంతం లేదు, అనుమతి మాత్రమే. ఉబ్బసం ఉందని తేలిన లేదా ఇన్‌హేలర్ రాసిచ్చిన పిల్లలకే, అదీ తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వాడాలి. ముందు రెండు పఫ్‌లు, తగ్గకపోతే రెండు నిమిషాలకోసారి రెండేసి, పది దాకా. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్స్. ఇంత విడమరిచి రాసిపెడితే టీచరు చెయ్యి వణకదు.

కొన్నా తాళం వేసి ఉంచితే దండగే. కెనడాలోని ఒంటారియోలో రయాన్ అనే పన్నెండేళ్ల పిల్లాడు బడిలో ఆయాసం వచ్చి చనిపోయాడు. ఇన్‌హేలర్లు ఆఫీసులో తాళం వేసి ఉండేవి. తల్లి పట్టు వదలకుండా పోరాడితే 2015లో ‘రయాన్ చట్టం’ వచ్చింది. పిల్లలు తమ ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోవచ్చంది.

పిల్లలు మందు సులువుగా పీల్చేందుకు ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అదే స్పేసర్, కొనలేమంటారా? అర లీటరు ప్లాస్టిక్ సీసాకు కన్నం చేసి వాడినా బాగా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే లాన్సెట్‌లో చూపించారు.

ఏ పిల్లకు జబ్బుందో తెలియదన్న సాకు కూడా చెల్లదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడికి వచ్చి వెతికే జబ్బుల్లో ఉబ్బసమూ ఒకటి. దాచేది మనమే. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, ఆడపిల్లకు సంబంధాలు రావని. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి మైదానంలో ఉబ్బసానికిచ్చే చేప మందు కోసం బారులు తీరే జనానికి ప్రభుత్వం బారికేడ్లు, బస్సులు, పోలీసులను సమకూరుస్తుంది. బడులు తెరిచేదీ ఆ జూన్‌లోనే. ఆ శ్రద్ధలో పిసరంత ఇటు మళ్లితే చాలు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయాల్సింది ఒక్క జీవో. సదుద్దేశంతో మందిచ్చిన టీచరుపై చర్య ఉండదన్న వాక్యం అందులో మొదట ఉండాలి. శిక్షణ హెడ్‌మాస్టరుతో కాక పీఈటీతో మొదలుపెట్టాలి. పరుగు పందెంలో ఆయాసం వచ్చినప్పుడు పక్కన ఉండేది ఆయనే.