కొండను కాపాడిన కాగితం

మధుర మీనాక్షి అమ్మవారి దర్శనానికి సరిహద్దు గ్రామాల నుండి ఏటా ఎన్నో కుటుంబాలు తరలి వెళుతుంటాయి. దర్శనం చేసుకొని, తిరుమల నాయకుని మహలు చూసి, తిరుగు ప్రయాణం కట్టడం పరిపాటి. ఆ నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన, మేలూరు సమీపంలో ఉన్న అరిట్టాపట్టిని ఎరిగినవారు తక్కువ. అయితే 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు ఆ చిన్న గ్రామం తమిళనాడు రాజకీయాలను కదిలించివేసింది. అక్కడ జరిగినది యాత్రికులకే గాక, చెరువూ గుట్టా ఉన్న ప్రతి పల్లెకూ పనికివచ్చే విషయం.

అరిట్టాపట్టి చుట్టూ ఏడు గుట్టల వరుస ఉంది. వాటి ఒడిలో 72 చెరువులు, సుమారు 200 సహజ నీటి ఊటలు ఉన్నాయని ప్రభుత్వ లెక్క. లగ్గర్ డేగ, షాహీన్ డేగ, బొనెల్లీ గద్ద వంటి వేటపక్షులతో సహా 250 రకాల పక్షులు కానవస్తాయి. అలుగు, దేవాంగపిల్లి, కొండచిలువ ఇక్కడ బ్రతుకుతున్నాయి. ఇదే కొండలపై రెండువేల ఏళ్ల నాటి తమిళ బ్రాహ్మీ శాసనాలు, జైన మునుల రాతి పడకలు, తీర్థంకరుని శిల్పం, పాండ్యుల కాలపు గుహాలయం ఉన్నాయి. ప్రకృతి, చరిత్ర ఒకే రాతిపై నిలిచిన చోటు ఇది. 2022 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం అరిట్టాపట్టి, మీనాక్షిపురం గ్రామాలలోని 193.215 హెక్టార్లను రాష్ట్రంలో తొలి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది.

రెండేళ్లు గడవకముందే ముప్పు వచ్చిపడింది. 2024 నవంబరులో కేంద్ర గనుల శాఖ నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకు వేలంలో హిందుస్థాన్ జింక్ సంస్థను ఎంపిక చేసినట్లు ప్రకటించింది. ఆ బ్లాకు విస్తీర్ణం 2,015 హెక్టార్లు. వారసత్వ ప్రదేశం కూడ అందులోనే చిక్కుకుంది. గ్రామసభలు వ్యతిరేక తీర్మానాలు చేశాయి. డిసెంబరు 9న రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. 2025 జనవరి 7న వేలాది ప్రజలు మధురకు పాదయాత్రగా నడిచి వచ్చారు. జనవరి 23న కేంద్రం వేలాన్ని పూర్తిగా రద్దు చేసింది.

ఈ క్రమంలో ఒక అంశం నిశితంగా పరిశీలించదగినది. డిసెంబరు చివర కేంద్రం తొలిసారి వెనుకడుగు వేసినపుడు, వారసత్వ ప్రదేశాన్ని మినహాయించి బ్లాకు హద్దులు మార్చే వీలును పరిశీలించమని మాత్రమే భూగర్భ సర్వే శాఖను కోరింది. ఆ ప్రదేశం మొత్తం బ్లాకులో పదో వంతు కూడ లేదు. అనగా ప్రకటన కాగితం తనంతట తాను కాపాడగలిగినది ఆ పదో వంతునే. మిగిలిన తొమ్మిది వంతులను దక్కించినది ప్రజల పట్టుదల. కాగితం లేకుంటే వారి వాదానికి పునాది ఉండేది కాదు. ప్రజలు లేకుంటే కాగితం ఒక ముక్కతో సరిపెట్టుకొనేది.

మధుర సీమతో తెలుగువారి బంధం పాతది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మొదలైన నాయకుల ఏలుబడి 1736 వరకు సాగింది. ఆ కొలువులో తెలుగు వచన రచన వర్ధిల్లింది. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రచించినది అక్కడే. ఆ కాలంలో దక్షిణానికి తరలివెళ్లిన కుటుంబాల సంతతి నేటికీ మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతున్నారు. నాయక్కర్, రెడ్డి అనే పదాలు గల ఊరిపేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. గని బ్లాకుకు పెట్టిన పేరే అందుకొక ఉదాహరణ.

నాయకులు విడిచి వెళ్లిన ఆస్తి మహలు ఒక్కటే కాదు. తిరుమల నాయకుడు 1645లో త్రవ్వించిన వండియూరు తెప్పకొలను సుమారు 16 ఎకరాలు. వైగై నది నీరు భూగర్భ కాలువ ద్వారా చేరేటట్లు దానిని నిర్మించారు. కాలువ పూడిపోగా ఆ కొలను ఏళ్ల తరబడి ఎండి, పిల్లలకు ఆటస్థలమైంది. కాలువను బాగుచేసి నీరు వదిలిన తరువాతనే మరల కళకళలాడింది. రాతిమెట్లు చెక్కుచెదరకున్నా, నీటిదారి మూసుకుపోతే వారసత్వం గొయ్యిగా మిగులుతుందని ఇది చాటుతున్నది.

కోయంబత్తూరులోనూ ఇదే పరిస్థితి. తెలుగు కుటుంబాలు ప్రత్తి సాగుతో, నూలు మిల్లులతో పెంచిన ఆ నగరానికి నొయ్యల్ నది, దాని చెరువులే ప్రాణాధారం. వాటిలో ఒకటైన సింగానల్లూరు చెరువును నగరపాలక సంస్థ 2017లో జీవవైవిధ్య పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. నదికి దిగువన తిరుప్పూరు అద్దకపు నీరు పారి పొలాలు చెడిన తరువాత, 2011లో మద్రాసు హైకోర్టు ఆ పరిశ్రమలను మూయించవలసి వచ్చింది. ముందే కాపాడుకొనడానికీ, చెడిన పిదప కోర్టుకెక్కడానికీ గల తేడా ఒకే నదిపై కనబడుతున్నది.

కనుక ఈసారి మధుర వెళ్లే కుటుంబాలు ఒక పూట అరిట్టాపట్టికి కేటాయించడం మేలు. ఉదయం వేళ వెళితే ఎండ బాధ తప్పుతుంది, పక్షులూ కనిపిస్తాయి. అయితే అది విహారస్థలి కాదు, జనం బ్రతికే ఊరు. రాతిపై పేర్లు చెక్కడం, గద్దల గూళ్లున్న కొండ క్రింద మైకులు మ్రోగించడం, ప్లాస్టిక్ సంచులు పారవేయడం గనికి తమ్ముళ్ల వంటి పనులే. నీళ్లు వెంట తీసుకుపోవాలి. చెత్తను వెంట తెచ్చుకోవాలి. కొనేదేదో ఊరివారి వద్దనే కొనాలి.

చూసి వచ్చిన పిదప చేయవలసిన పని సొంత ఊరిలో ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊరి చెట్టుచేమలను, పశుపక్ష్యాదులను, నీటి వనరులను అది రిజిస్టరులో నమోదు చేయాలి. స్థానిక సంస్థలను సంప్రదించి వారసత్వ ప్రదేశాలను ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. సరిహద్దుకు ఇటూ అటూ ఇదే చట్టం. ఇంత మాత్రాన సర్వం చక్కబడదు: తెలంగాణలోని అమీన్‌పూర్ చెరువును 2016లో వారసత్వ ప్రదేశంగా ప్రకటించినా, 2024లో ఆ పరిసరాలలో ఆక్రమణలు కూల్చవలసి వచ్చింది. అయినా నమోదు కాని చెరువు పక్షాన వాదించడం మరింత కష్టం.

ఆ రిజిస్టరులో స్థానిక నామం వ్రాసేందుకు ఒక గడి ఉంటుంది. తమిళనాడు వైపు పల్లెలలో 2006 నాటి తమిళ బోధన చట్టం తరువాత, ఇంట తెలుగు మాట్లాడుతూ చదవలేని పిల్లలు పెరిగారు. చెట్టుకూ పిట్టకూ తెలుగు పేర్లెరిగిన అవ్వాతాతలు ఇంకా ఉన్నారు. వారి నోటి మాటను మనుమలు ఆ గడిలో వ్రాయించగలిగితే, చెరువుతో పాటు పేరు కూడ దక్కుతుంది. అరిట్టాపట్టి ప్రజలు గని వచ్చేవరకు ఆగలేదు. రెండేళ్ల ముందే వారి కొండ లెక్కలోకి ఎక్కింది. సరిహద్దు పల్లెలు ఇంకెన్నాళ్లు ఆగుతాయన్నదే ప్రశ్న.