జర్దా లేకపోతే ప్రమాదం లేదా?

"నేను జర్దా వేసుకోను, ఒట్టి వక్కా సున్నమే" అని ఎంత ధీమాగా చెబుతారో! చదువుకున్నవాళ్ళూ అదే మాట. చెడంతా పొగాకులో ఉందని, వక్క పెద్దలనాటి నుంచి వస్తున్న మంచి అలవాటని వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకం తప్పు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

1985లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిపిన తాంబూలాన్నే క్యాన్సర్ కారకంగా తేల్చింది. మనవాళ్ళు అక్కడే ఆగిపోయారు. 2004లో అదే సంస్థ పొగాకు లేని తాంబూలాన్నీ, విడిగా వక్కనూ కూడా పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే, అంటే క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలోనే చేర్చింది. తైవాన్‌లో వక్కతో పొగాకు కలిపి నమిలే అలవాటే లేదు. అయినా అక్కడి మగవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ఒకటి.

వక్కను వదలనివ్వనిది అందులోని అరెకోలిన్. భోజనమయ్యాక నోట్లో వక్క పడకపోతే ఏమీ తోచదంటే అది వ్యసనమే. ఏళ్ళ తరబడి నమిలితే బుగ్గ లోపలి మెత్తని పొర కింద నారలా కణజాలం పేరుకుంటుంది. మొదట్లో పచ్చడి మెతుకు తగిలితే చాలు, నోరు భగ్గుమంటుంది. తర్వాత బుగ్గలు పాలిపోయి బిగుసుకుంటాయి. అన్నం ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. డాక్టర్లు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నమలడం మానేసినా ఆ నోరు మళ్ళీ మునుపటిలా కాదు. కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది.

"మా తాతయ్య తొంభై ఏళ్ళదాకా నమిలాడు" అంటారు. బతికి బట్టకట్టిన తాతయ్య అందరికీ కనిపిస్తాడు. దవడ తీసేయించుకుని గడప దాటని మనిషి ఏ పెళ్ళి పందిట్లోనూ కనిపించడు.

తమలపాకుతో నాకు పేచీ లేదు. పేరంటంలో తాంబూలం ఇవ్వడం మానమనీ అనను. నా కోపమంతా తీపి వక్కపొడి పొట్లాల మీద. ఇంట్లో పెద్దవాళ్ళే పిల్లల అరచేతిలో పోస్తారు! ఇక పాన్‌మసాలా పొట్లం మీద పొగాకు లేదని గొప్పగా అచ్చువేస్తారు. నమిలితే ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక కూడా దాని మీదే ఉంటుంది, చట్టం వేయించింది కాబట్టి. దాన్ని చదివేవాళ్ళెందరు?

వక్క అలవాటున్నవారు ఇవాళే నోరు బాగా తెరిచి, మూడు వేళ్ళు నిలువుగా పడతాయేమో చూసుకోండి. పట్టకపోయినా, తెల్లమచ్చ కనిపించినా, పుండు రెండు వారాలైనా మానకపోయినా వెంటనే దంతవైద్యుడికి చూపించుకోండి. పిల్లల చేతిలో మాత్రం వక్కపొడి పోయకండి.