నేల టిక్కెట్టు హైబ్రిడ్, బాల్కనీ హైబ్రిడ్

నేల టిక్కెట్టు కొన్నా, బాల్కనీ టిక్కెట్టు కొన్నా తెర మీద ఆడే బొమ్మ ఒక్కటే! నేలలో కూర్చున్నాడు కదా అని హీరో వాడికి రెండు ఫైట్లు తగ్గించడు. బాల్కనీవాడికి హీరోయిన్ ఒక పాట ఎక్కువ పాడదు. తేడా అంతా కుర్చీ మెత్తదనంలోనూ, చల్లగాలిలోనూ ఉంటుంది. ఈ న్యాయం కార్ల షోరూములో కూడా చెల్లుతుందనుకుని వెళ్ళాడు మా మిత్రుడొకడు. అక్కడే తిరకాసు వచ్చింది.

ఈ వారం తారల కబుర్లు లేవేమని కోప్పడకండి. కబురు సినిమావాడిదే. పేరు మాత్రం చెప్పను. చెబితే రేపట్నుంచి నాతో టీ తాగడు! తెనాలి పక్క పల్లెటూరి నుంచి వచ్చి పన్నెండేళ్ళపాటు ఇతరుల కెమెరాలకి లెన్సులు తుడిచాడు. ఈమధ్యనే ఒక చిన్న సినిమాకి సొంతంగా కెమెరా పట్టుకునే యోగం పట్టింది. మకాం కృష్ణానగర్, షూటింగు రామోజీ ఫిల్మ్ సిటీ. పంజాగుట్ట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మీదుగా పోనూరానూ 80 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఒక రాత్రి రెండింటికి ప్యాకప్ అయ్యాక బైకు మీద వస్తూ నిద్రమత్తులో డివైడరెక్కాడు. భుజం ఎముక విరిగి ఆరు వారాలు మంచంమీదున్నాడు. అప్పట్నుంచి వాళ్ళమ్మగారిది ఒకటే పాట: "ఒరేయ్ నాన్నా, నువ్వు కారు కొన్నదాకా నాకు నిద్ర పట్టదురా!"

అందుకని కారు. తిరుగుడు ఎక్కువ కాబట్టి హైబ్రిడ్. సామాన్లుంటాయి కాబట్టి మధ్య సైజు ఎస్‌యూవీ. అంతవరకూ బాగానే ఉంది. ఏ వేరియంటు అన్న దగ్గరే బండి ఆగిపోయింది. సెట్లో పదిమందీ పది మాటలు చెప్పారు. "కొంటే టాప్ ఎండ్ కొనాలి గురూ, సన్‌రూఫ్ లేనిదే కారేమిటి?" అన్నాడు డాన్సు మాస్టరు దగ్గర అసిస్టెంటు. "అన్నీ హైబ్రిడ్డే కదా, కింది మోడల్ తీసుకుని మిగిలిన డబ్బుతో స్థలం కొనుక్కో" అని ప్రొడక్షన్ మేనేజరుగారి సలహా. వినటానికి తెలివైన మాటే. కొంప ముంచేది కూడా ఆ మాటే!

అసలు కథలోకి వద్దాం. మన దేశంలో ఈ సైజులో జనం ఎక్కువగా అడిగే హైబ్రిడ్లు రెండు. మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా, టొయోటా అర్బన్ క్రూయిజర్ హైరైడర్. 2022లో వచ్చాయి. రెండూ కర్ణాటకలో బిడది దగ్గరున్న టొయోటా ఫ్యాక్టరీలోనే పుట్టాయి. 1964లో 'రాముడు భీముడు'లో రామారావుగారు వేసింది ద్విపాత్రాభినయం కదా, ఇదీ అంతే! ముఖానికి మేకప్ వేరు, లోపల మనిషి ఒకడే. పొడవు ఒకదానికి 4,345 మిల్లీమీటర్లు, రెండోదానికి 4,365. చక్రాల మధ్య దూరం రెండింటికీ 2,600.

ఈ రెండింటిలోనూ 'హైబ్రిడ్' అన్న పేరుతో రెండు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకటి మైల్డ్ హైబ్రిడ్, రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. మైల్డ్‌లో ఉండేది మామూలు 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనే. దానికొక చిన్న మోటారు, చిన్న బ్యాటరీ సాయం. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ని మళ్ళీ లేపుతుంది, బయలుదేరేటప్పుడు వెనకనుంచి ఒక తోపు తోస్తుంది. అంతకుమించి దాని పాత్ర లేదు. గెస్టు ఆర్టిస్టన్నమాట! స్ట్రాంగ్ హైబ్రిడ్ కథ వేరు. అందులో మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజనూ, 80 హార్స్‌పవర్ దాకా ఇచ్చే విద్యుత్ మోటారూ ఇద్దరు హీరోలు. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను పూర్తిగా నోరు మూసుకుంటే మోటారొక్కటే బండిని లాక్కుపోతుంది. బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచుకుంటుంది. ఛార్జింగు వైరు అక్కర్లేదు. ట్రాఫిక్ ఎంత చిరాగ్గా ఉంటే దీనికంత పండగ!

ఈ ముడి విప్పింది మేమెవ్వరమూ కాదు, యూనిట్ వ్యాను నడిపే డ్రైవరన్న. ఇరవై ఏళ్ళుగా స్టూడియోల చుట్టూ బండి తిప్పుతున్న మనిషి. ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సార్, గదంత పక్కన వెట్టుండ్రి. పెట్రోలు ఇంజను బందు చేసి ఉత్త బ్యాటరీ మీద బండి ముంగటికి పోతదా? పోతే అస్లీ హైబ్రిడ్. పోకుంటే పేరుకే." మూడు రోజులు వీడియోలు చూసినా మావాడికి రాని జ్ఞానం అరనిమిషంలో వచ్చింది.

ఇహ వేరియంట్ల సంగతి. గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో విడుదలైనప్పుడు మెట్లు ఇలా ఉండేవి: సిగ్మా, డెల్టా, జీటా, ఆల్ఫా. ఇవన్నీ మైల్డ్. వీటిపైన జీటా ప్లస్, ఆల్ఫా ప్లస్. ఈ రెండే స్ట్రాంగ్. అంటే నేల, బెంచి, కుర్చీ తరగతులకి ఒక సినిమా, బాల్కనీకి ఇంకో సినిమా! సిగ్మా షోరూం ధర 10.45 లక్షలు, జీటా ప్లస్ 17.99 లక్షలు, ఆల్ఫా ప్లస్ 19.49 లక్షలు. సిగ్మాలో ఆటోమేటిక్ ఏసీ, వెనక సీటుకి గాలి, బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు ఇచ్చారు గానీ పాటలు వినే పెట్టె ఇవ్వలేదు. సినిమావాడికి పాటల్లేని కారా! డెల్టాలో ఏడంగుళాల తెర, వెనక కెమెరా, క్రూయిజ్ కంట్రోలు వచ్చాయి. జీటాలో తెర తొమ్మిదంగుళాలైంది, చక్రాలకి అల్లాయ్ అందం వచ్చింది. ఆల్ఫా ప్లస్‌లో గాలి ఊదే సీట్లు, చుట్టూ చూపించే కెమెరా వగైరా రాజభోగాలు. బ్యాటరీ మీద నడిచే బండి కావాలంటే, అడిగినా అడక్కపోయినా ఈ పైమెట్ల సింగారమంతా కలిపి కొనుక్కోవాల్సిందే. నాకు నచ్చనిది ఇదే. మైలేజీ కావాలన్నవాడికి మెత్తటి కుర్చీ అంటగట్టటం ఏం న్యాయం చెప్పండి?

తమాషా ఏమిటంటే ద్విపాత్రాభినయంలో రెండోపాత్ర ఈ పని చెయ్యలేదు. హైరైడర్లో ఇ, ఎస్, జి, వి అని నాలుగు మెట్లు. అట్టడుగున ఉన్న 'ఇ' తప్ప మిగిలిన మూడింటిలోనూ స్ట్రాంగ్ హైబ్రిడ్ దొరికేది. 2022లో 'ఎస్' మెట్టులో స్ట్రాంగ్ ధర 15.11 లక్షలు. అవే మోటారు, ఇంజను, బ్యాటరీ గ్రాండ్ విటారాలో కావాలంటే 17.99 లక్షల దగ్గర మొదలు! పోస్టరు మీద పేరు చూసి టిక్కెట్టు కొన్నవాడు 2.88 లక్షలు ఎక్కువ పెట్టాడు. దానికి కాస్త సింగారం అదనంగా వచ్చిందనుకోండి, కాదనను. తర్వాత 2025 ఏప్రిల్‌లో గ్రాండ్ విటారాకి కూడా డెల్టా ప్లస్ అనే కింది మెట్టులో స్ట్రాంగ్ హైబ్రిడ్ తెచ్చారు, 16.99 లక్షలకి. బాల్కనీ సినిమా బెంచీకి దిగి వచ్చింది! ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది, రేట్లూ మారాయి. కాబట్టి నేను చెప్పిన అంకెలు పట్టుకుని షోరూములో పోట్లాడకండి. మెట్టుకీ మెట్టుకీ మధ్య తేడా ఎంతో అడగండి, అది చాలు.

ఇప్పుడు మావాడి లెక్క. టీ కొట్టు బల్ల మీద, సిగరెట్టు పెట్టె వెనకాల వేసింది. ఒకే 'ఎస్' మెట్టులో, 2022 ధరల్లో, ఆటోమేటిక్ మైల్డ్ 13.48 లక్షలు, స్ట్రాంగ్ 15.11 లక్షలు. తేడా 1.63 లక్షలు. సింగారం దాదాపు సమానం, కాబట్టి ఇది అచ్చంగా యంత్రం ఖరీదు. కంపెనీవారి కాగితం మైలేజీ: మైల్డ్ ఆటోమేటిక్ లీటరుకి 20.58 కిలోమీటర్లు, స్ట్రాంగ్ 27.97. మావాడు నెలకి పాతిక రోజులు తిరిగితే ఏడాదికి 24,000 కిలోమీటర్లు. పెట్రోలు 107 రూపాయలు వేసుకుంటే ఏడాదికి మిగిలేది 33,000. ఆ లెక్కన యంత్రం ఖరీదు తిరిగిరావటానికి ఐదేళ్ళు.

"ఐదేళ్ళా!" అని నీరుగారిపోయాడు. కాగితం మైలేజీ దిల్‌సుఖ్‌నగర్ ఎప్పుడూ చూడలేదు కదా అన్నాను నేను. సాయంత్రం ఆరింటికి అక్కడి ట్రాఫిక్‌లో మైల్డ్ 12 ఇచ్చి స్ట్రాంగ్ 22 ఇస్తుందనుకుందాం. ఇది ఊహే, రాసిచ్చిన మాట కాదు. అప్పుడు ఏడాదికి 97,000 మిగులుతుంది. ఇరవై నెలల్లో బాకీ చెల్లు! మావాడి ముఖం మళ్ళీ వెలిగింది. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

అదే మీరు ఆదివారం గుడికీ, పండక్కి ఊరికీ తప్ప బండి తియ్యనివారనుకోండి. ఏడాదికి 6,000 కిలోమీటర్లు. కాగితం లెక్కన ఆ 1.63 లక్షలు తిరిగిరావటానికి ఇరవై ఏళ్ళు పడుతుంది! ఆ మొత్తానికి అప్పు తీసుకుంటే వడ్డీ అదనం. బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అలాంటివారు హాయిగా మైల్డ్ కొనుక్కోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఘాట్ రోడ్లూ, బురదా అంటే మోజున్నవాళ్ళక్కూడా ఒక మాట. నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటు మైల్డ్‌లోనే ఉంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ ముందు చక్రాల మీదే నడుస్తుంది.

పన్ను సంగతి ఒకటి మర్చిపోకండి. ఉత్తరప్రదేశ్‌లో 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారు. తెలంగాణలో 2024 నవంబరులో ఆ వరం పూర్తి విద్యుత్ కార్లకే ఇచ్చారు. మన హైబ్రిడ్ గేటు బయటే నిలబడింది. లైఫ్ టాక్సు ధర మీద శాతంగా పడుతుంది కాబట్టి మెట్టు ఎక్కినకొద్దీ పన్నూ ఎక్కుతుంది. షోరూం ధర చూసి మురిసి, ఆన్‌రోడ్ ధర చూసి మూర్ఛపోయేది ఇందుకే.

సెకండ్ హ్యాండు కొనే కుర్రాళ్ళూ, మీరు ఇది రెండుసార్లు చదవండి. 2022లో గ్రాండ్ విటారా కింది మెట్లు సిగ్మా, డెల్టాల్లో ఎయిర్‌బ్యాగులు రెండే. 2025 ఏప్రిల్‌లో గానీ రెండు కార్లలోనూ అన్ని మెట్లకీ ఆరు రాలేదు. సన్‌రూఫ్ ఉందా అని అడిగేముందు బ్యాగులెన్ని అని అడగండి. భుజం ఎముక విరిగినవాడి పక్కన ఆరు వారాలు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

చివరికి మావాడు స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కింది మెట్టుకే ఖాయమయ్యాడు. సన్‌రూఫ్ పోయిందని రెండు రోజులు దిగులుపడ్డాడు. అమ్మని కూర్చోబెట్టి ఊళ్ళోకి అద్దం తెరుచుకుని వెళ్ళాలని వాడి కల. ఆ మాటే ఫోనులో భయపడుతూ చెబితే ఆవిడ, "మే నెల ఎండలో నన్ను అద్దం కింద కూర్చోబెడదామనుకున్నావుట్రా? వెనక్కి ఏసీ వస్తుందా రాదా, అది చెప్పు" అన్నారట!

ఏసీ వస్తుంది. అయితే ఒక చిక్కు మాత్రం మిగిలింది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ అడుగున కూర్చుంటుంది. మైల్డ్‌లో 373 లీటర్లుండే డిక్కీ దీంట్లో 265 లీటర్లే. మావాడు బుకింగుకి వెళ్తూ లెన్సుల పెట్టె, లైటు స్టాండ్ల సంచి ఆటోలో వేసుకుని షోరూముకి పట్టుకుపోయాడు. అక్కడివాళ్ళు షూటింగు కోసం వచ్చామనుకున్నారు! పెట్టె సుఖంగా పట్టింది. స్టాండ్ల సంచి పట్టలేదు. వెనక సీటు ఒకపక్క మడిస్తే పట్టింది. అమ్మగారిది ఏ పక్క అన్నది ఇంకా తేలలేదు.