కుర్చీ ఎక్కిన మనోడు

గనికూలీల నాయకుడే గని కంపెనీ డైరెక్టరయితే ఏమవుద్ది? దక్షిణాఫ్రికాలో సిరిల్ రామఫోసా కథ చూడండి.

లా చదివిన ఈ నల్లజాతి బిడ్డ 1982లో పుట్టిన గనికార్మికుల సంఘానికి మొదటి ప్రధాన కార్యదర్శి. 1987లో సంఘం పిలుపునిస్తే లక్షలాదిమంది మూడు వారాలు గనుల్లోకి దిగలేదు. యజమానులు వేలమందిని పనిలోంచి పీకేశారు. అప్పుడతను కూలోళ్ళ పక్కనున్నాడు.

1994లో తెల్లోళ్ళ వర్ణవివక్ష రాజ్యం పోయింది. తర్వాత రామఫోసా వ్యాపారంలో దిగాడు, కోట్లు గడించాడు. ప్లాటినం తవ్వే లోన్మిన్ కంపెనీకి డైరెక్టరయ్యాడు.

2012 ఆగస్టులో మారికానాలో ఆ కంపెనీ కూలీలు నెలకు 12,500 రాండ్ల జీతం అడిగి సమ్మె చేశారు. గొడవల్లో పదిమంది చచ్చిపోయారు. వాళ్ళలో పోలీసులూ ఉన్నారు. ఇది నేరం, తగిన చర్య తీసుకోవాలని ఆగస్టు 15న అతను ఈమెయిలు రాశాడు. మర్నాడు పోలీసు తూటాలకు 34 మంది కూలీలు నేలకూలారు.

ఆ చావులకు అతను బాధ్యుడు కాడని విచారణ కమిషన్ తేల్చింది. వాడిన మాటలకు 2017లో అతనే క్షమాపణ చెప్పాడు. 2018లో దేశాధ్యక్షుడయ్యాడు.

కమిషన్ సంగతి అలా ఉంచుదాం. కూలోళ్ళు కూర్చున్న గుట్ట దగ్గరకు పోవలసినవాడు ఆ రోజు ఉత్తరం ఎవరికి రాశాడు? అదీ మన ప్రశ్న.

మనోడు పైకెక్కాలి, కాదనం. ఎక్కాక సంఘానికి లెక్క చెప్పాలి. అడిగే సంఘం లేకపోతే కుర్చీ మనోణ్ణయినా మింగుద్ది.